ఊరి అడవి, చిన్న కమతం పదేళ్ల తర్వాత నిలుస్తాయా? కొలిచి తేల్చుకునే పద్ధతి

శని, ఆదివారాలు వస్తే హైదరాబాద్ నుంచి వికారాబాద్, నర్సాపూర్, యాచారం దారులు పట్టేవాళ్లలో అందరూ పిక్నిక్‌కి పోయేవాళ్లే కాదు. చేవెళ్ల వైపో షాబాద్ వైపో రెండెకరాలు కొనుక్కున్నవాళ్లు, ఊళ్లలో పనిచేసే సంస్థల వాళ్లు, ప్రాజెక్టు రిపోర్టు రాయాల్సిన విద్యార్థులు కూడా ఉంటారు. తిరిగొచ్చాక అందరూ చెప్పేది ఒకటే: అడవి బాగుంది, చేను బాగుంది. బాగుందంటే పచ్చగా ఉందనేనా? నీలగిరి తోట పచ్చగానే ఉంటుంది. లాంటానా అనే కలుపు పొద కమ్మేసిన గుట్టా పచ్చగానే ఉంటుంది. బోరు కింద యాసంగి వరి అన్నిటికన్నా పచ్చగా ఉంటుంది.

నిలకడను నేరుగా కొలిచే పరికరం లేదు. పోల్చి చూడటమే దారి. ఈ ఊరి అడవిని పక్క ఊరి అడవితో పోల్చాలి, లేదా ఈ ఏటి చేనును ఐదేళ్ల కిందటి అదే చేనుతో పోల్చాలి. ఈ ఆలోచన మీద కట్టిన పద్ధతి ఒకటి 1990ల నడుమ మెక్సికోలో పుట్టింది. పేరు మెస్మిస్. మిచోఆకాన్ రాష్ట్రంలో పురెపెచా ఆదివాసుల ఉమ్మడి అడవుల్లో, చిన్న రైతుల మొక్కజొన్న చేలల్లో దాన్ని ప్రయోగించి చూశారు. 1943లో పుట్టిన పారికుటిన్ అగ్నిపర్వతం లావా కింద ఊరు పోయాక వేరేచోట మళ్లీ కట్టుకున్న సాన్ హువాన్ నువేవో ఆ ప్రాంతంలోదే. అక్కడి పైన్ అడవినీ, కోత మిల్లునీ ఊరివాళ్లే నడుపుకుంటారు.

ఆ పద్ధతిలో చూసేవి ఏడు సంగతులు. ఎంత ఇస్తోంది? ఉన్న వనరు తరగకుండా ఇస్తోందా? మామూలు ఒడుదుడుకులను తట్టుకుంటోందా? పెద్ద దెబ్బ తగిలితే తేరుకుంటోందా? రోజులు మారితే తానూ మారగలదా? వచ్చింది అందరికీ అందుతోందా? బయటి చేతుల మీద ఎంత ఆధారపడుతోంది? ఈ ఏడు ప్రశ్నలూ మెక్సికో నుంచి తెచ్చుకోవచ్చు. వాటికి జవాబులు రాబట్టే కొలతలు మాత్రం మన చెల్కకూ మన గుట్టకూ తగ్గట్టు మనమే కుదుర్చుకోవాలి.

1. ముందు హద్దు గీయండి

సగం పని సిటీలో కూర్చునే అవుతుంది. బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ నడిపే భువన్ పోర్టల్‌లో ఊరి ఉపగ్రహ చిత్రం తీసుకోండి. గూగుల్ ఎర్త్‌లో ఏళ్లు వెనక్కి జరిపి పాత చిత్రాలూ చూడండి. ఒకే నెల చిత్రాలను మాత్రమే పక్కపక్కన పెట్టాలి. మనది ఆకురాల్చే అడవి. అక్టోబర్‌లో దట్టంగా ఉన్న గుట్ట ఏప్రిల్‌లో బోడిగా కనిపించినంత మాత్రాన ఎవరో నరికేశారని కాదు.

తర్వాత ఆ నేల కాగితం మీద ఎవరిదో కనుక్కోండి. ఇది ఆఫీసు పనిలా కనిపిస్తుంది గానీ, నిలకడకు పునాది ఇక్కడే. అడవుల కాపలాలో ఊళ్లను కలుపుకోమని కేంద్రం 1990 జూన్‌లో ఇచ్చిన సర్క్యులర్ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. అవి ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టినవి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే సామూహిక అటవీ వనరుల హక్కు వేరు. అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే అధికారం అందులో గ్రామసభది, దాన్ని గుర్తించింది పార్లమెంటు చేసిన చట్టం. ఉత్తర్వు మారినంత తేలిగ్గా చట్టం మారదు. కాబట్టి 'మా అడవి' అని ఊరివాళ్లు అన్నప్పుడు ఏ కాగితం చూసి అంటున్నారో అడగండి. బంచరాయి, గైరాన్ భూములదీ ఇదే సంగతి. ఊరివాళ్ల నోట అది మేతభూమి, రికార్డులో ఇంకేదో అయి ఉండొచ్చు.

రిజర్వు అడవిలో కొలతలు తీయాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యంలోకి ఊరివాళ్లను వెంటబెట్టుకుని సరాసరి నడిచారంటే ఇబ్బంది పడేది మీరు కాదు, వాళ్లు.

ఊరికి వెళ్లాక రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో నేల మీద మ్యాప్ గీయించండి. మగవాళ్లతో ఒకటి, ఆడవాళ్లతో ఇంకొకటి, మేకలు కాసేవాళ్లతో వీలైతే మూడోది. మొదటి దాంట్లో సర్వే నంబర్లు, రోడ్డు, చెరువు వస్తాయి. రెండో దాంట్లో కట్టెలు దొరికే చోటు, ఉసిరి చెట్లు, ఎండాకాలంలోనూ ఎండని చెలిమె వస్తాయి. ఈ రెంటికీ పొత్తు కుదరని చోటే మీ అసలు ప్రశ్నలు ఉంటాయి.

చేను హద్దు గట్టుతో ఆగదు. రెండున్నర ఎకరాల లోపువాళ్లు సన్నకారు, ఐదెకరాల లోపువాళ్లు చిన్నకారు రైతులని లెక్క. అంత నేల మీదే బతికే కుటుంబం తక్కువ. ఇంట్లో గేదె, ఎండాకాలపు కూలి, ఉప్పల్‌లో ఆటో నడిపే కొడుకు పంపే డబ్బు, అన్నీ కలిసిందే ఆ కమతం. ఆ డబ్బుతో విత్తనాలు కొంటున్నారా, విత్తనాలు అమ్మి ఆ కొడుకును చదివించారా అన్నది తెలియకుండా చేను లాభనష్టాలు మాట్లాడొద్దు.

2. దేనితో పోలుస్తారో తేల్చుకోండి

సమితి కాపాడే గుట్టకు జోడుగా అదే వరసలో, అదే రకం రాయి మీద, ఊరికి అంతే దూరంలో, ఎవరూ కాపాడని గుట్టను వెతకండి. సేంద్రియ చేనుకు జోడుగా పక్క రైతు రసాయనాల చేను తీసుకోండి. రేగడిని చెల్కతో, బావి ఉన్న పొలాన్ని వాన మీద ఆధారపడ్డ పొలంతో జత కట్టొద్దు. అలా కడితే మీరు కొలిచేది మనిషి చేసిన పనిని కాదు, నేల పుట్టుకను.

3. ఎక్కడ విరుగుతుందో అడగండి

ఫారం తీసి ప్రశ్నలు చదవడం మొదలుపెడితే ఎవరికైనా విసుగే. ముందు ఒక పొడుగు గీత గీసి, ఊరికి గుర్తున్న ఏళ్లు దాని మీద పెట్టించండి: కరువు వచ్చిన ఏడు, మొదటి బోరు పడ్డ ఏడు, సమితి పెట్టిన ఏడు, గుట్ట తగలబడ్డ ఏడు, పత్తి ధర పడిపోయిన ఏడు. ఆ తర్వాత ఒక్కటే ప్రశ్న అడగండి: "అప్పుడెట్ల గట్టెక్కిన్రు?" మేకలు అమ్మారా, మిత్తికి తెచ్చారా, అడవిలో దొరికింది తిన్నారా, పట్నం వచ్చారా? పెద్ద దెబ్బ నుంచి తేరుకునే శక్తిని తెలుసుకోవడానికి ఇంతకు మించిన సాధనం నాకు తెలియదు.

ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు దూరాల్లో అడగండి. "కట్టెలకు ఎంత దూరం పోతున్నరక్కా? మీ అత్త ఉన్నప్పుడు ఎంత దూరం పోయేటోళ్లు?" అడవి తరిగిందా పెరిగిందా అన్నది ఆ రెండు జవాబుల మధ్య తేలిపోతుంది. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉందో లేదో, సిలిండర్ ఎన్ని నెలలు వస్తుందో కూడా అడగండి. లేకుంటే కట్టెలు తగ్గడాన్ని అడవి తరగడమనుకుంటారు.

వచ్చిన బలహీనతల్లోంచి పది, పన్నెండు కొలిచే అంశాలు ఎంచుకుంటే చాలు. ఏడు ప్రశ్నల్లో ప్రతిదానికీ కనీసం ఒకటి ఉండాలి. నలభై అంశాల ఫారాలు దాతలకు నచ్చుతాయేమో గానీ వాటిని రెండోసారి నింపేవాళ్లు ఉండరు. రెండోసారి నింపని కొలత పోలికకు పనికిరాదు.

4. అడవిలో కొలవడం

కావలసినవి ఇరవై మీటర్ల తాడు, దర్జీ టేపు, సుద్దముక్క, నోటు పుస్తకం, చెట్ల పేర్లు తెలిసిన ఊరి మనిషి. ఆ మనిషికి ఆ రోజు కూలి లెక్క కట్టి ఇవ్వండి, ఊరికే తిప్పుకోవద్దు.

మ్యాప్ మీద గళ్లు గీసి, చీటీలు తీసి ఏ గడులు వస్తే అక్కడే కొలవండి. దారి పక్కన వీలుగా ఉందని ఆగితే అడవి ఉన్నదానికన్నా పాడైనట్టు కనిపిస్తుంది, ఎందుకంటే గొడ్డలి పడేది దారి పక్కనే. చిన్న గుట్టకైనా పది గడులకు తగ్గొద్దు. ఒక్కో చోట 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చతురస్రం తాడుతో కట్టి, లోపలి ప్రతి చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీసుకోండి. చెట్టుకు సుద్దతో గీత పెడితే రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉండదు. నరికేసిన చెట్ల మోడులనూ లెక్కపెట్టండి. గడి మూలలో 5 మీటర్ల చతురస్రంలో చిన్న మొక్కలు విడిగా లెక్కపెట్టండి.

ఒక గడి అంటే 400 చదరపు మీటర్లు. హెక్టారుకు అలాంటివి 25. గడిలో సగటున 14 చెట్లు, 6 మోడులు వచ్చాయనుకుందాం. హెక్టారుకు 350 చెట్లు, 150 మోడులు అన్నమాట. అయితే మొత్తం సంఖ్యను చూసి మురిసిపోవద్దు, చుట్టుకొలతల వరస చూడండి. 30 సెంటీమీటర్ల లోపువి ఎక్కువగా, ఆపైన 60 లోపువి కొంచెం తక్కువగా, పెద్దవి ఇంకా తక్కువగా ఉంటే అడవి తనను తాను నింపుకుంటున్నట్టు. పెద్ద చెట్లు మాత్రమే ఉండి కింద చిన్నవి లేకపోతే అది పిల్లలు లేని ఊరు. ఇప్పటికి కళకళలాడుతుంది, అంతే.

మోడుల దగ్గర ఆగి చూడండి, అవి చాలా చెబుతాయి. మోకాలి ఎత్తులో గొడ్డలి దెబ్బలతో ఉన్న సన్నటి మోడు చాలాసార్లు ఊరివాళ్ల కట్టెలకో, పందిరి గుంజకో పోయినది. నేలకు దగ్గరగా రంపంతో కోసిన లావు మోడు కలప వ్యాపారం వైపు చూపిస్తుంది. కోసిన చోటు ఎర్రగా, తడిగా ఉంటే ఈ మధ్యదే. బూడిదరంగు తిరిగి చుట్టూ పిలకలు లేచి ఉంటే పాతది. టేకు మోడు నుంచి పిలకలు వస్తాయి కాబట్టి పిలకలను మేకలు కొరికాయా, మనిషి ఎత్తు దాటాయా అని కూడా రాసుకోండి. ఇవన్నీ ఏ గడిలోనైనా పది నిమిషాల పని, కానీ ఫారాల్లో వీటికి గడి ఉండదు.

ఇప్పచెట్టు కింద ప్రత్యేకంగా చూడాలి. మార్చి, ఏప్రిల్‌లో పువ్వు ఏరుకోవడం తేలిక కావాలని చెట్టు కింద రాలిన ఆకుకు నిప్పు పెడతారు. ఆ నిప్పుకు ముందటి ఏడు మొలిచిన మొక్కలు పోతాయి. తాతల నాటి ఇప్పలు నిండుగా పూస్తుంటాయి, కింద ఒక్క పిల్ల ఇప్ప ఉండదు. పువ్వు దిగుబడి మాత్రమే కొలిస్తే ఈ అడవికి నూటికి నూరు మార్కులు వస్తాయి. కాబట్టి పూసే ప్రతి ఇప్ప చుట్టూ పది అడుగుల దూరం వరకు మొక్కలను లెక్కపెట్టండి. నిప్పు పెట్టకుండా ఊడ్చి ఏరే ఇళ్లు ఉన్నాయేమో అడగండి, పాత చీర పరిచి ఏరేవాళ్లు కూడా ఉంటారు. తునికాకు, సారపప్పు, తపసి బంక దగ్గరా ఇదే చూపు. ఎంత తీశారన్నది ఒక లెక్క, తీసిన తీరుకు చెట్టు మళ్లీ ఇస్తుందా అన్నది ఇంకో లెక్క. సారపప్పు ఇచ్చే మొర్రి పండ్ల కోసం కొమ్మలు నరికారా, కొమ్మ వంచి కోశారా అన్నది చెట్టును చూస్తేనే తెలుస్తుంది.

5. చేనులో కొలవడం

మట్టి నమూనా ఎకరంలో ఎనిమిది, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా తీసి, కలిపి, అరకిలో పంపండి. గట్టు పక్కనా, పెంట కుప్ప వేసిన చోటా తీయొద్దు. రిపోర్టులో మొదట సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ పేడా నేలకు ఇచ్చే సారం, చూడండి. 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాకా మధ్యస్తం, ఆపైన ఎక్కువ. ఎర్ర చెల్కల్లో తక్కువ రావడం మామూలే, రెండేళ్లలో పెరగాలని ఎదురు చూడొద్దు. అందుకే ల్యాబుతో పాటు డబ్బా పరీక్ష కూడా పెట్టుకోండి. అడుగు తీసేసిన నూనె డబ్బాను మట్టిలోకి రెండంగుళాలు దించి, లీటరు నీళ్లు పోసి ఇంకేదాకా సెకన్లు లెక్కపెట్టండి. తర్వాత రెండో లీటరు పోయండి. పొడి నేల మొదటి లీటరును ఎలాగూ తాగేస్తుంది, లెక్కలోకి తీసుకోవలసింది రెండోదే. అదే పని గుట్ట మీద చెట్ల కిందా చేసి రెండు అంకెలూ పక్కపక్కన రాయండి.

ఇక నీళ్లు. రాజధాని చుట్టుపక్కల చిన్న కమతం నిలుస్తుందా లేదా అన్నది తొంభై పాళ్లు ఇక్కడే తేలుతుందని నా అభిప్రాయం. ఒక లెక్క వేసి చూడండి. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుంటే ఎకరం మీద పడేది దాదాపు 32 లక్షల లీటర్లు. మన గ్రానైట్ రాతి నేలలో అందులో పదో వంతు కిందికి ఇంకితే గొప్పే, అంటే 3 లక్షల 20 వేల లీటర్లు. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే ఎకరానికి 48 లక్షల లీటర్లు. అంటే ఒక్క ఎకరం వరి పదిహేను ఎకరాల ఇంకుడును తాగుతోంది. మడిలోంచి కొంత నీరు తిరిగి కిందికే పోతుంది, నిజమే. అది తీసేసినా లెక్క ఏ వైపు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది.

ఈ ఖర్చు రైతు పద్దులో కనబడదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి బిల్లు రాదు. అందుకని మీరే కొలవాలి. 20 లీటర్ల బకెట్‌ను బోరు పైపు కింద పెట్టి సెకన్లు చూడండి. పది సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. అక్టోబర్‌లో ఒకసారి, మేలో ఒకసారి చూడండి. మేలో మోటరు ఆగకుండా ఎంతసేపు పోస్తుందో, ఆగితే మళ్లీ ఎంతసేపటికి నీళ్లు ఊరుతున్నాయో రాసుకోండి. ఇంతవరకు ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని ఎండాయి, ఒక్కోటి ఎన్ని అడుగులు అని కూడా అడగండి. బోర్ల లోతుల వరసే ఆ పొలం చరిత్ర.

రైతులకు ఇవన్నీ కష్టమని అనుకోకండి. ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ, మహబూబ్‌నగర్‌తో సహా ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన భూగర్భజలాల ప్రాజెక్టులో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, యాసంగికి ముందు కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఉన్న నీళ్లెన్నో తెలిశాక ఏం వేయాలన్నది ఎవరి ఇష్టం వారిది.

డబ్బు లెక్కలో మూడు అంకెలు తప్పనిసరిగా వేయాలి: ఇంటివాళ్ల రెక్కల కష్టానికి ఊరి కూలి రేటు, కౌలు, మిత్తి. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. ఆరు నెలల పంటకు పెట్టుబడిలో ఎనిమిదో వంతు దాకా అక్కడే పోతుంది. సగటు అడగొద్దు. మంచి ఏడు ఎంత, చెడ్డ ఏడు ఎంత, మామూలు ఏడు ఎంత అని మూడుగా అడగండి. చెడ్డ ఏట వచ్చింది తిండి గింజలకు చాలకపోతే, మంచి ఏట ఎంత మిగిలినా ఆ కమతం అప్పు మీద నిలబడ్డదే.

విత్తనం ఎక్కడిదో అడిగితే స్వావలంబన సంగతి తెలిసిపోతుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి వేస్తూ విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఆ చేలల్లో ఒక పంట పోతే ఇంకోటి నిలుస్తుంది. అదే గుట్టకు ఇవతల ఒక్క పత్తి మీదే ఉన్న చేనుతో పోలిస్తే ఎకరం రాబడి తక్కువ రావచ్చు, ఒడుదుడుకులు కూడా తక్కువే. దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలన్నది రైతు చెప్పాలి, మీరు కాదు.

6. రిజిస్టర్ చదవండి

ఉమ్మడి ఆస్తుల మీద 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ 2011 జనవరిలో హైదరాబాద్ వచ్చారు, ఉమ్మడి వనరుల పరిశోధకుల అంతర్జాతీయ సమావేశానికి. ఆమె ఎన్నో దేశాల్లో చూసి తేల్చిన సంగతుల్లో కొన్ని: వాడుకునేవాళ్లు తామే పెట్టుకున్న నియమాలు, వాళ్లకు జవాబుదారీగా ఉండే కాపలా, తప్పుకు తగ్గట్టు మెల్లగా పెరిగే జరిమానా ఉన్నచోట ఉమ్మడి వనరు నిలుస్తుంది.

సమితి తీర్మానాల పుస్తకం తెరిస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. ఆరు మీటింగులకు ఒకే పెన్ను, ఒకే చేతిరాత, వేలిముద్రలన్నీ ఒకే వరసలో ఉంటే అవి ఒక్క పూట రాసినవే. జరిమానా పద్దులో ఎవరి పేర్లున్నాయో చూడండి. కట్టెల మోపు తెచ్చిన ఆడవాళ్లు, మేకలవాళ్లు మాత్రమే ఉండి, ట్రాక్టర్ ఉన్న ఒక్క ఇంటి పేరూ లేకపోతే నియమం ఎవరి మీద నడుస్తోందో అర్థమవుతుంది. 'నియమాలేమిటి' అని అడగొద్దు, అందరూ అప్పజెబుతారు. 'కిందటిసారి ఎవరు తప్పారు, ఏమైంది' అని అడగండి.

చేనుకూ ఇలాంటి ప్రశ్న ఒకటుంది: దున్నేది ఎవరు, పట్టా ఎవరిది? 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పంటకు ఎకరాకు 4,000 రూపాయలు పట్టాదారుకు వచ్చాయి, కౌలుదారుకు రాలేదు. ఏడాదికోసారి చేతులు మారే కౌలు భూమిలో ఎవరూ చెరువు మట్టి తోలరు. నేల సారం తగ్గడానికి మూలం కొన్నిసార్లు మట్టిలో ఉండదు.

7. ఒక్క మార్కు వేయొద్దు

పన్నెండు అంశాలనూ కలిపి సగటు తీసి 'నూటికి 63' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. సాలెగూడు బొమ్మ గీయండి. మధ్య నుంచి ఒక్కో అంశానికి ఒక గీత, చివర ఆ ప్రాంతంలో దొరికే మంచి విలువ. మీరు కొలిచింది ఆ గీత మీద ఎక్కడ పడుతుందో చుక్క పెట్టి చుక్కలు కలపండి. జోడు అడవిదో, జోడు చేనుదో అదే బొమ్మ మీద ఇంకో రంగులో. ఎక్కడ లోపలికి కుంగిందో చదువు రానివాళ్లకూ కనిపిస్తుంది.

అర్థం చెప్పేటప్పుడు అంశాల మధ్య లంకెలు చూడాలి. సమితి గుట్ట బాగా దట్టమైంది, మోడులు లేవు, మంచిదే. కానీ కట్టెల దూరం రెట్టింపైంది, పక్క ఊరి గుట్టలో మోడులు పెరిగాయి. అంటే నరకడం ఆగలేదు, చోటు మారిందంతే. ఇది ఒక్క ఊరు కొలిస్తే దొరకదు.

8. ఊరికి తిరిగివ్వండి

రిపోర్టు మెయిల్ చేసి ఊరుకోవద్దు. సాలెగూడును చార్టు మీద పెద్దగా గీసి గ్రామసభలో గోడకు పెట్టండి. వాళ్లు దిద్దితే దిద్దనివ్వండి, మీ అంకె మీద పోట్లాడితే ఆ గడికి మళ్లీ వెళ్లి కలిసి కొలవండి. చివరికి రెండే పనులు ఒప్పుకుని తీర్మానంలో రాయించాలి. ఇప్పచెట్ల కింద నిప్పు పెట్టకపోవడం ఒకటి కావచ్చు, యాసంగికి ముందు బోర్ల బకెట్ పరీక్ష ఇంకొకటి కావచ్చు. ఐదు రాయిస్తే ఒక్కటీ జరగదు.

గడుల నాలుగు మూలలా రాళ్లు పాతి సున్నం పూయండి, జీపీఎస్ అంకెలు రాసుకోండి. కొలత పుస్తకం అసలు ప్రతి పంచాయతీ బీరువాలో ఉండాలి, మీ దగ్గర జిరాక్స్ చాలు. రెండేళ్లకో మూడేళ్లకో అదే నెలలో, అవే గడుల్లో, అదే డబ్బాతో మళ్లీ కొలవాలి. అప్పుడు తాడు పట్టేవాళ్లలో సగం మంది ఊరి పిల్లలయ్యేలా ఇప్పుడే ఇద్దరు ముగ్గురికి 1.37 మీటర్ల ఎత్తులో టేపు పట్టడం నేర్పి రండి.